గొంగడి మాట చెప్పే మనిషి కోసం తార్నాకకు

తార్నాకను చూడడానికని ఎవరూ పోరు. బస్సు మారడానికో, పరీక్ష రాయడానికో, దవాఖానలో ఉన్నవాళ్ళను పలకరించడానికో పోతారు. నేను జపాన్ భాష వచ్చిన మనిషిని వెతకడానికి పోయాను. మూడు రోజులు ఉండి వచ్చాను. వచ్చిన నాటి నుంచి మా ఊరి ఆడవాళ్ళు ఏం చూశావు, ఏం తిన్నావు అని ఒకటే అడుగుడు. ఒక్కొక్కరికి చెప్పే ఓపిక లేక రాసి పెడుతున్నాను. నాది నాలుగో తరగతి చదువు. మనుమరాలు మౌనిక తప్పులు దిద్దింది. మాటలు మాత్రం మార్చొద్దని ముందే చెప్పాను.

ఎందుకు పోవలసి వచ్చిందో మొదట చెప్పాలి. మాది సిద్దిపేట వైపు ఊరు. నల్ల గొర్రెల ఉన్ని కత్తిరించి, ఏకి, తొమ్మిది మంది ఆడవాళ్ళం వడుకుతాం. మా మరిది మల్లయ్య దానికి చింతగింజల గంజి పట్టించి గొంగళ్ళు నేస్తాడు. పోయిన చలికాలం మిచికో అనే జపాన్ ఆమె మా ఇంటికి వచ్చింది. వాళ్ళ దేశంలో ఆమెకు నేత బట్టల దుకాణం ఉంది. వెంట ఒక గైడును తెచ్చుకుంది. ఆమె ఎంతసేపు మాట్లాడినా ఆయన మాకు "బాగున్నయంటున్నరు" అనే చెప్పేవాడు. మేం ఎంతసేపు మాట్లాడినా ఆమెకు రెండు ముక్కల్లో తేల్చేవాడు. ఆమె నలభై గొంగళ్ళు కావాలంది. "అన్ని కావు, ఉన్ని చాలదు" అన్నాను. ఆయన ఏం చెప్పాడో గాని, ఆమె నడుం వంచి దండం పెట్టి వెళ్ళిపోయింది. నెల తిరగకముందే మౌనిక ఫోనులో ఉత్తరం వచ్చింది, నలభై ఒప్పుకున్నందుకు చాలా సంతోషమని.

మేం చేసింది పదకొండు. పన్నెండోది మగ్గం మీద ఉంది. ఇప్పుడు మిచికో మళ్ళీ వచ్చి తార్నాకలో నాలుగు రోజులు ఉంటుందనీ, గొంగళ్ళు తెస్తే మాట్లాడుకుందామనీ కబురు పెట్టింది. ఆమె వద్దంటే మల్లయ్య మగ్గం విప్పేస్తానన్నాడు. ఊళ్ళో మిగిలిన నల్ల గొర్రెల మంద మాదొక్కటే, అరవై గొర్రెలు. మిగతా వాళ్ళంతా ఎర్ర గొర్రెలకు మారారు. వాటికి ఉన్ని ఉండదు, మాంసం ఉంటుంది. మా మందను కూడా కోతకు అమ్మమని బేరగాడు రెండుసార్లు వచ్చి పోయాడు. అందుకని ఈసారి చెప్పింది చెప్పినట్టు అవతలికి చేర్చే మనిషిని నేనే వెతుక్కుంటానని బయలుదేరాను.

లాలాగూడ

పదకొండూ మోయడం నా వల్ల కాదు. మంచివి రెండు చూసి మూట కట్టుకున్నాను. బస్సులో ఊరికే కూర్చోకుండా కదురు తీసి వడుక్కుంటూ పోయాను. పక్క సీటు పిల్ల నా చేతిని వీడియో తీసి, "ఇదేం మెషీన్ అమ్మమ్మా, చార్జింగ్ ఎక్కడ?" అని నవ్వింది. "పొద్దున రెండు రొట్టెలు తిన్న. సాయంత్రం దాక నడుస్తది" అన్నాను. ఫోను పక్కన పెట్టి ఒకసారి తిప్పి చూస్తానంది. మూడుసార్లు దారం తెంపింది. కదురు గుంజుకున్నాను.

లాలాగూడలో మా అన్న కూతురు యాదమ్మ ఉంటుంది. ఆమె పెనిమిటిది రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం. క్వార్టర్లు పాతవే గాని గోడలు మందంగా ఉన్నాయి, లోపల చల్లగా ఉంది. మా ఊళ్ళో సైరన్ ఉండదు గనక వర్క్‌షాపు సైరన్ మోగినప్పుడల్లా నేను ఉలిక్కిపడ్డాను, వాళ్ళు గడియారం సరిచేసుకున్నారు.

రాత్రికి పప్పు, వంకాయ కూర బజారు నుంచి ప్లాస్టిక్ సంచుల్లో వచ్చాయి. సంచికి నలభై రూపాయలట. చెయ్యి పట్టేంత లేదు.

"ఇంట్ల పొయ్యి లేదా?" అన్నాను.

"ఉన్నది అత్తమ్మా. నేను డ్యూటీ దిగేసరికి ఏడైతది. వండే ఓపిక ఎవరికున్నది?"

"నలభై రూపాయలకు కిలో వంకాయలొస్తయి."

"వస్తయి. వాటిని కోసెటోళ్ళు రారు గదా!"

కూర బాగానే ఉంది, ఉప్పు ఎక్కువ.

మౌనిక ఇంటర్నెట్టులో చూసి ఏడుగురి పేర్లు రాసి ఇచ్చింది. వీళ్ళు ఏ కంపెనీలోనూ ఉండరు, ఎవరు పిలిస్తే వాళ్ళకు ఆ పూట పని చేసి పెడతారు. మా ఊరి మేస్త్రీల లాగే అన్నమాట. యాదమ్మ అందరికీ ఫోన్లు చేసింది. నలుగురు ఢిల్లీలో, బెంగళూరులో ఉన్నారు. ఇద్దరికి జపాను, ఇంగ్లీషు వచ్చుగాని తెలుగు రాదు. మీ మాటను ఇంగ్లీషులోకి మార్చడానికి ఇంకొకరిని పెట్టుకోండి, ఇద్దరికీ విడివిడిగా ఇవ్వండి అన్నారు. ఒక్క మాటకు రెండుసార్లు కూలి ఎక్కడైనా ఉందా? మిగిలింది కార్తీక్ అనే అబ్బాయి. పొద్దున తార్నాకలో కలుస్తానన్నాడు.

తార్నాక చౌరస్తా

షేర్ ఆటోలో మనిషికి ఇరవై, నా మూటకు పది. మూటకెందుకంటే, "మనిషి సీట్ల గూసున్నది గదా పెద్దమ్మా" అన్నాడు. అదీ నిజమే.

యాదమ్మ సెలవు పెట్టి నా వెంట వచ్చింది. కార్తీక్ మమ్మల్ని మెట్రో స్తంభాల పక్కనున్న ఒక అద్దాల కాఫీ దుకాణంలో కూర్చోబెట్టాడు. కాఫీ నూట ఎనభై. నేను మంచినీళ్ళు తాగాను. పిల్లవాడు శుభ్రంగా ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన మాట. కార్ల కంపెనీల మీటింగులకు పోతాడట. పూటకు ఎనిమిది వేలు.

నాకు జపాను రాదు. మరి ఇతను సరిగ్గా చెబుతాడో లేదో నాకెట్లా తెలియాలి? ముందు రాత్రి పడుకొని దీన్నే ఆలోచించాను. ఒకరు కొలిచిన వడ్లను ఇంకొకరి మానికతో మళ్ళీ కొలిస్తే తెలుస్తుంది గదా. అదే పని చేద్దామనుకున్నాను.

"నాయనా, నేనొక మాట చెప్త. జపానుల చెప్పు. మా పిల్ల ఫోన్ల పట్టుకుంటది" అన్నాను.

"టెస్టా అమ్మా?" అని నవ్వాడు. "పెట్టుండ్రి. భయమేంది?"

నేను ఇట్లా చెప్పాను: "ఈ గొంగడి కొత్తల గుచ్చుతది. వానల తడిస్తే గొర్రె వాసనొస్తది. మెషీన్ల ఉతుకొద్దు. మెత్తగ కావాల్నంటే పదేండ్లు కప్పుకోవాలె. ఓర్చుకునెటోళ్ళే కొనుండ్రి."

అతను గడగడా చెప్పాడు. వినడానికి చాలా బాగుంది. యాదమ్మ నోరు తెరుచుకొని చూసింది. నేను సాయంత్రం చెబుతానని లేచాను.

చెట్ల కింద

ఇక రెండో మానిక కావాలి. యూనివర్సిటీలో అన్ని భాషలూ ఉంటాయి గదా అని నడుచుకుంటూ క్యాంపస్‌లోకి పోయాం. ఎంత జాగా అని చెప్పను! మా మంద నెల రోజులు మేసినా తరగదు. రోడ్డుకు రెండు వైపులా చెట్లు. ప్రతి చెట్టు కిందా చాపో, దినపత్రికో పరుచుకొని పిల్లలు చదువుతున్నారు. కొందరికి తల నెరిసింది. ఉద్యోగం పరీక్షలట, ఏండ్ల తరబడి చదువుతూనే ఉంటారట. మా దగ్గర ఆ వయసుకు పిల్లల పెళ్ళిళ్ళు చూసుకుంటారు.

ఒక గుంపు దగ్గర ఆగి, జపాన్ భాష వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాను.

"అవ్వా, మాకు ఇంగ్లీషే సక్కగ రాక మూడుసార్లు పోయింది. జపాన్ ఏడికెళ్ళి వస్తది?" అన్నాడు ఒకడు. అందరూ నవ్వారు. ఇంకొకడు మాత్రం లేచి, "గా జిరాక్స్ షాపు గోడ చూడుండ్రి, అన్ని రకాల కాయితాలుంటయి" అని వేలు చూపించాడు.

నిజంగానే అన్ని రకాలూ ఉన్నాయి. గది అద్దెకు, పాత పుస్తకాలు, టైపింగు, ట్యూషన్లు. ఒక కాయితం మీద, "జపనీస్, ఇంగ్లీషు, తెలుగు. రాతపని, మాట పని" అని చేత్తో రాసి ఉంది. దాని అడుగున ఫోను నంబరును చీలికలు చీలికలుగా కత్తిరించి వేలాడదీశారు, కావాలన్నవాళ్ళు ఒకటి చింపుకొని పోవడానికి. పక్కన టైపింగు కాయితానికి చీలికలన్నీ అయిపోయాయి. దీనికి ఒక్కటీ చినగలేదు. ఎండకు పసుపు రంగు తిరిగాయి.

"దీనికి పైసలేమన్న ఇయ్యాల్నా?" అని దుకాణం అతన్ని అడిగాను.

"వద్దమ్మా. మీరే మొదటి బోణి. ఆ పిల్ల నెలనెలా వచ్చి చూసి పోతది" అన్నాడు.

నేను చిరగకుండా జాగ్రత్తగా ఒకటి చింపుకున్నాను.

మాణికేశ్వర్ నగర్

క్యాంపస్ అంచు దాటితే మాణికేశ్వర్ నగర్. అప్పటి దాకా ఉన్న జాగా అంతా ఒక్కసారి ఇరుకైపోతుంది. ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు తిరిగే గల్లీలు, వాకిట్లో నీళ్ళ డ్రమ్ములు, వాటి మీద కోళ్ళు. మెట్లెక్కితే రేకుల గది. కాయితం పెట్టిన పిల్ల పేరు గ్రేస్. నల్లగొండ వైపు ఊరు, తల్లి పత్తి ఏరడానికి పోతుంది. ఇక్కడ సాయంత్రం క్లాసుల్లో జపాను నేర్చుకుందట. యంత్రాల పుస్తకాలు జపాను నుంచి ఇంగ్లీషులోకి రాస్తూ బతుకుతోంది. ఎదురుగా కూర్చొని మాట్లాడే పని మటుకు రెండేసార్లు దొరికిందట. నా అనుమానం ఇంకా ఎక్కువైంది. పొయ్యి మీద గిన్నె కూడా కడగలేదు. ఆ మాట అన్నాను కూడా.

"నీళ్ళు నాలుగ్గంటలకొస్తయవ్వా. అప్పుడు కడుగుత" అంది. తప్పు నాదే.

కార్తీక్ మాట వినిపించాను. చెవులకు పెట్టుకొని రెండుసార్లు విని, కాయితం మీద రాసుకొని, అప్పుడు తెలుగులో చెప్పింది. "ఈ దుప్పటి అచ్చమైన ఉన్నితోటి చేసింది. వాడినకొద్దీ మెత్తగైతది. చేత్తోనే ఉతుకుండ్రి. తీసుకుంటే మాకు సంతోషం."

"గుచ్చుడు?"

"లేదు."

"వాసన?"

"అదీ లేదవ్వా."

యాదమ్మ ఫోను తీసుకొని అప్పుడే కార్తీక్‌ను అడిగాను. అతను కోపం తెచ్చుకోలేదు. "అమ్మా, కొననీకి వచ్చినామెకు వాసన అని ఎట్ల చెప్పాలె? బేరం చెడొద్దని మీ మంచికే సర్దిన" అన్నాడు. అబద్ధమాడుతున్న గొంతు కాదది. మంచికే చేశాడు. మా పాత గైడు కూడా మంచికే నలభై అని ఉంటాడు.

తర్వాత గ్రేస్ చేత అవే మాటలు చెప్పించి కార్తీక్‌కు పంపాను. తెలుగులో చెప్పి పంపించాడు. గుచ్చుడూ వచ్చింది, వాసనా వచ్చింది, పదేండ్లూ వచ్చాయి. చివర అతనే, "బాగనే చెప్పింది గానీ, జర మొరటుగున్నది" అన్నాడు. మొరటుగా చెప్పింది నేను గదా.

గ్రేస్ పూటకు మూడు వేలంది. "నోటి పనే గదా, పెట్టుబడి ఏమున్నది?" అన్నాను.

"మీరు వడికేదానికి పెట్టుబడేమున్నదవ్వా? చెయ్యే గదా!" అంది.

మూడు వేలకు ఒప్పుకున్నాను. పని రేపైనా ఈ రోజే మొత్తం తెలియాలంది. పడుగు ఏది, పేక ఏది, గంజి ఎట్లా కాస్తారు, ఏడాదికి ఎన్ని కత్తిరింపులు, అన్నీ అడిగి రాసుకుంది. కదురు తిప్పి చూపించమంది. మేం ఉన్నిని వడకడానికి ముందు ముళ్ళూ మట్టీ ఏరేసినట్టే ఈమె మాటలను ముందే ఏరుకుంటోందని అర్థమైంది. మధ్యలో జొన్నరొట్టె, చింతకాయ తొక్కు పెట్టింది. ఆ మూడు రోజుల్లో నేను కడుపునిండా తిన్నది అదే.

చివరికి ఇట్లా అంది. "ఆమె పడుగుల నూలు సంగతి అడుగుతదవ్వా. నేతోళ్ళు అదే అడుగుతరు."

"అంత మా ఊరి ఉన్నే అని చెప్పు."

"నేను చెప్పుడు కాదవ్వా. మీరు చెప్పాలె, నేను జపానుల అనాలె. ఇంకొకటి. 'ఈమె ఇట్లంటున్నది' అని నేననను. మీరు 'నేను' అంటే నేను గూడ 'నేను' అనే అంట. మా పనిల అదే పద్ధతి. నిజమో కాదో నేనడుగ. మీరేదంటే నా నోట్ల నుంచి అదే వస్తది."

నేను రొట్టె నములుతూ ఆగిపోయాను.

ఎవరికీ చెప్పని సంగతి ఇక్కడ రాస్తున్నాను. పదకొండు గొంగళ్ళలో మా ఉన్నివి ఏడే. నలభై అని మాట పడిపోయింది, ఉన్ని అయిపోయింది. అప్పుడు మల్లయ్యా నేనూ కలిసి పట్నం నుంచి నల్ల మిల్లు నూలు తెప్పించి నాలుగింటికి పడుగులో కలిపాం. మగ్గం మీద ఉన్న పన్నెండోదీ అంతే. గంజి పట్టిస్తే నేసినవాడికి తప్ప తెలియదు. మూటలో నేను తెచ్చిన రెండూ ఏడింట్లోవి. వాసన దాచాడని ఇందాకే ఒక పిల్లవాడిని నిలదీశాను.

యాదమ్మ ఏమైందత్తమ్మా అంది. తొక్కు కారమన్నాను.

మేడ మీద గది

మూడో రోజు పొద్దున తార్నాకలో మిచికో దిగిన ఇంటికి పోయాం. మెట్లెక్కుతుంటే గ్రేస్ రెండు మాటలు చెప్పింది. తనను చూడకుండా మిచికోను చూసి మాట్లాడమంది. ఆమె ఊరుకుంటే మీరూ ఊరుకోండి, నేనూ ఊరుకుంటానంది. మన దగ్గర ఎదుటి మనిషి మాట్లాడకపోతే కోపం వచ్చిందనుకుంటాం, ఏదో ఒకటి అంటాం. వాళ్ళ దగ్గర అది ఆలోచించుకునే సమయమట.

మిచికో గొంగడిని చేతిలోకి తీసుకొని ముందుగా ముక్కుకు ఆనించింది. గుండెల నిండా పీల్చింది. నేను యాదమ్మను చూశాను.

గ్రేస్ నాకు కొంచెం వెనక పీట వేసుకొని కూర్చుంది. మొదట నలభై సంగతి చెప్పాను. "నేను నలభై అనలేదు. కావని చెప్పిన. పదకొండే అయినయి" అన్నాను. గ్రేస్ చెప్పింది. మిచికో కండ్లు పెద్దవి చేసి, మెల్లగా తలూపింది. ఆమె ఏదో అడిగింది. గ్రేస్ గొంతు నా వెనక నుంచి వచ్చింది, ఒక్క రంగు లేకుండా: "మిగిలిన తొమ్మిది గూడ ఇట్లాంటివేనా?"

ఆమె పడుగు అని అడుగుతుందనుకున్నాను. ఇది ఇంకా సులువైన ప్రశ్న. ఒక్క మాట చాలు. ఆ తొమ్మిదీ ఊళ్ళో ఉన్నాయి, ఆమె చూడలేదు. చూసినా తెలియకపోవచ్చు. మందా, మగ్గమూ, తొమ్మిది మంది ఆడవాళ్ళూ ఆ ఒక్క మాట మీదనే ఉన్నారు.

చూడొద్దన్నా గ్రేస్‌ను తిరిగి చూశాను. పెన్ను కాయితం మీద ఆపి, నేనేమంటే అది అనడానికి కూర్చొని ఉంది. నా అబద్ధం ఆ పిల్ల 'నేను' అని చెప్పాలి. తన కాయితానికి వచ్చిన మొదటి బోణిలోనే.

"ఏడే ఇట్లాంటివి" అన్నాను. "నాలుగింట్ల మిల్లు నూలు కలిపిన. ఉన్ని చాలలే. నేనే కలిపించిన."

గ్రేస్ చెప్పింది.

మిచికో ఏమీ అనలేదు. గొంగడి మీద చెయ్యి పెట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కింద గల్లీలో ఉల్లిగడ్డల బండివాడు రెండుసార్లు అరిచి పోయాడు. ఇంత ధర తగ్గిస్తామనీ, మళ్ళీ జరగదనీ నా నాలుక చివర దాకా వచ్చింది. పళ్ళు బిగపట్టాను. గ్రేస్ కూడా ఊరుకుంది. పాత గైడు ఉంటే ఈపాటికి ఇరవై మాటలు పోసి నింపేవాడు.

చాలాసేపటికి మిచికో అడిగింది, కలపకుండా మీ అరవై గొర్రెల ఉన్నితో ఏడాదికి ఎన్ని అవుతాయని.

"రెండు కత్తిరింపులకు పద్నాలుగు. గొర్రెలు బాగుంటే."

ఆమె నా వైపే చూస్తూ మెల్లగా మాట్లాడింది. వెనక నుంచి తెలుగు వచ్చింది. "ఏడు తీసుకుంట. ఏడాదికి పద్నాలుగు తీసుకుంట. ఆ నాలుగు నాకొద్దు. ఇంకోసారి కలిపితే నేను రాను."

కౌగిలింతలు, కన్నీళ్ళు లేవు. ధర ఒక్క రూపాయి పెంచలేదు. చిన్న గిన్నెల్లో పచ్చటి చాయ ఇచ్చింది, చక్కెర లేదు. మొత్తం తాగాను, పారబోసే అలవాటు నాకు లేదు.

కిందికి దిగాక గ్రేస్ మెట్టు మీద కూర్చొని సీసాడు నీళ్ళు తాగింది.

"నేనే కలిపించిన అన్నప్పుడు, నేనే తప్పు చేసినట్టు అయ్యిందవ్వా" అంది.

మూడు వేలూ ఆమె చేతిలో పెట్టాను. బేరమాడలేదు.

ఊరికి

తిరుగు బస్సులో కదురు తీయలేదు. మల్లయ్యకు ఎట్లా చెప్పాలా అని దారంతా ఆలోచించుకున్నాను. ఆమె చాలా మెచ్చుకుందని మొదలు పెట్టొచ్చు. నాలుగింటిని ఇక్కడే ఎవరికైనా అమ్ముదామని ముందే ఓదార్చొచ్చు. నేను ఎప్పుడూ అట్లాగే చేస్తాను, ఇంట్లో మాట సర్ది చెప్పడం నా పని.

పోయేసరికి అతను మగ్గం ముందు ఉన్నాడు, పన్నెండోదాని మీద.

"ఏమన్నది వదినా?"

ఎదురుగా కూర్చున్నాను. అతని కండ్లలోకి చూసి చెప్పాను. "ఏడు తీసుకుంట. ఏడాదికి పద్నాలుగు తీసుకుంట. ఆ నాలుగు నాకొద్దు. ఇంకోసారి కలిపితే నేను రాను."

అతను ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను. వాకిట్లో గొర్రెలు దొడ్లోకి చేరిన చప్పుడు వినిపిస్తోంది.

"అట్లనే అన్నదా? నువ్వేమన్న కలిపినవా?"

"ఏం కలుపలే."

లేచి చూరులోంచి కత్తి తీశాడు. మగ్గం మీది పడుగు కొసను పట్టుకున్నాడు.

"తెంపకు. ఆ నూలు విప్పు" అన్నాను. "గొర్రెపిల్లలకు తాళ్ళయితయి."

అది మాత్రం నా మాట.